గణపతిదేవుడి చెరువులు: ఎవరి చెమట, ఎవరి నీళ్లు?

వానాకాలంలో నర్సంపేట నుంచి పాకాలకు పోయినవాళ్లు చూసే ఉంటారు. రెండు గుట్టల నడుమ అడ్డంగా ఒక మట్టికట్ట నిలబడి ఉంటుంది. కట్టకు ఒక పక్క కనుచూపు మేర నీళ్లు, ఇంకో పక్క పచ్చటి పొలాలు. ఎనిమిది వందల ఏండ్ల కింద కట్టిన కట్ట అది. సిమెంటు లేదు, యంత్రం లేదు. గంప, పార, గడ్డపార, ఎడ్లబండి, మనిషి రెక్కలు మాత్రమే. ఆ కట్ట కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి. ఆ నాట్లు వేసేది మన ఆడకూలీలే.

ఆ కాలపు రాజు కాకతీయ గణపతిదేవుడు. రాజుల గొప్పలు చెప్పటానికి ఈ శీర్షిక లేదు. కాని గణపతిదేవుడి బతుకు తెలుసుకోవటం మన రైతుకూలీలకు అవసరం. ఎందుకంటే 63 ఏండ్ల ఆయన పాలనలో ఈ నేల ఒక పాఠం నేర్పింది. నేల ఎట్లాంటిదో దాన్నిబట్టి సేద్యం ఉంటుంది. అయితే ఆ సేద్యం ఫలితం ఎవరి ఇంటికి పోతుందన్నది నేల తేల్చదు. మనుషులు చేసుకున్న ఏర్పాట్లు తేలుస్తాయి. ఈ రెండూ కలిపి చూడకపోతే చెరువు కథ సగమే అర్థమవుతుంది.

బందీఖానా నుంచి గద్దె మీదికి

కాకతీయులు మొదట స్వతంత్ర రాజులు కారు. రాష్ట్రకూటులకు, తర్వాత కల్యాణి చాళుక్యులకు సామంతులు. హనుమకొండ కేంద్రంగా ఉండేవారు. వాళ్ల శాసనాలు చాలావరకు వాళ్లను నాలుగో వర్ణంవాళ్లుగానే చెప్పుకున్నాయి. అంటే సేద్యగాళ్ల నడుమ నుంచి, యుద్ధం చేసుకుంటూ పైకొచ్చిన కుటుంబం. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి కాలంలో ఆ వంశం ఎవరికీ కప్పం కట్టని స్థితికి చేరింది.

గణపతి ఆ రుద్రదేవుడి తమ్ముడు మహాదేవుడి కొడుకు. పడమటి పక్క దేవగిరి యాదవులతో కాకతీయులకు ఎడతెగని వైరం. ఆ యుద్ధాల్లోనే పెదనాన్న పోయాడు, ఆ తర్వాత మూడేండ్లకే తండ్రీ పోయాడు. గణపతి శత్రువుల చేతికి చిక్కి బందీ అయ్యాడు. ఇక్కడ ఓరుగల్లు సీమలో రాజు లేడు. సామంతులు ఎవరికి వారు తలెత్తారు. ఆ గడ్డుకాలంలో రాజ్యాన్ని చెల్లాచెదురు కాకుండా నిలబెట్టినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. చివరకు యాదవ రాజు జైతుగి గణపతిని విడిచిపెట్టాడు. 1199లో గణపతి గద్దెనెక్కాడు.

రెండు మూడేండ్లకే బెజవాడ మీదికి దండు నడిపాడు. దివిసీమ నాయకులను లొంగదీసి, ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెండ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. నాట్యశాస్త్రం మీద నృత్తరత్నావళి రాసిన జాయప ఆయనే. వెలనాటి రాజ్యం కూలింది. నెల్లూరు దాకా కాకతీయుల మాట చెల్లింది. ఎండు మెట్ట నుంచి బయలుదేరినవాళ్లు సముద్రతీరం చేరారు.

యుద్ధాల లెక్క ఇంతటితో చాలు. మనకు కావలసింది కత్తి కాదు, కట్ట.

ఈ నేల సంగతేమిటి?

వరంగల్ నేల కృష్ణా గోదావరుల నడుమ ఉన్న పీఠభూమి. సముద్రమట్టానికి 250, 300 మీటర్ల ఎత్తు. అడుగున నల్లరాయి, పైన పలుచటి ఎర్రచెలక. నీళ్లు లోపలికి ఇంకి నిలవటానికి చోటు తక్కువ. ఏడాదికి 900 నుంచి 1000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది గాని, దాంట్లో ముప్పాతిక పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. కురిసినప్పుడు వాగులు పొంగి పోతాయి. ఆగినప్పుడు బండలు తేలుతాయి. గోదావరి ఉత్తరాన ఉన్నా లోతున పారుతుంది. మోటార్లు లేని కాలంలో ఆ నీటిని పైకెక్కించే ఉపాయం లేదు.

డెల్టాతో పోల్చి చూడండి. అక్కడ నేల చదును, నది ఎత్తున పారుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాల్వలు తవ్వితే చాలు, నీళ్లు వాటంతట అవే పారినాయి. మనకాడ ఆ భాగ్యం లేదు. మనకు ఉన్నదల్లా వాలు. ఆ వాలులో గుట్టకూ గుట్టకూ నడుమ కట్ట వేస్తే వాననీరు ఆగుతుంది. ఆగిన నీరు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి పోతుంది. అది నిండితే ఇంకో దానికి. ఇట్లా గొలుసుకట్టు చెరువులు పుట్టినాయి. పాకాల నుంచి దిగిన నీరు మున్నేరై ఖమ్మం మీదుగా కృష్ణకు పోతుంది. రామప్ప పక్క నీళ్లు గోదావరికి పోతాయి. నడుమ ఉన్న ప్రతి వాగూ ఒక గొలుసే.

గొలుసుకు ఒక గుణం ఉన్నది. ఒక లంకె తెగితే మొత్తం తెగుతుంది. ఎగువ ఊరి కట్ట తెగితే దిగువ ఊరి కట్ట ఆగదు. ఎగువ ఊరు మత్తడి ఎత్తు పెంచుకుంటే దిగువ ఊరి పొలం ఎండుతుంది. కాబట్టి ఈ నేల మీద ఒంటరి సేద్యం సాగదు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ, ఊళ్లో ఒక రైతుకూ ఇంకో రైతుకూ ఒప్పందం ఉండాలి. నేల అడిగేది అంతవరకే. ఆ ఒప్పందం న్యాయంగా ఉండాలా, బలవంతుడి పక్షాన ఉండాలా అన్నది నేల చెప్పదు.

కట్టించినవాళ్లు, కట్టినవాళ్లు

గణపతిదేవుడు చెరువులన్నీ తన బొక్కసం నుంచి కట్టించలేదు. ఆయన ఏర్పాటు వేరు. సేనానులు, మంత్రులు, సామంతులు, రాజకుటుంబంలోని ఆడవాళ్లు, ఎవరి సీమలో వాళ్లు కట్టించారు. పాలంపేటలో 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే రామప్ప చెరువుకూ కారకుడు. పాకాల చెరువును మంత్రి బయ్యన నాయకుడి కొడుకు జగదాల ముమ్మడి కట్టించాడు. బయ్యారం చెరువును గణపతిదేవుడి చెల్లెలు మైలమ కట్టించింది. ఆ చెరువు దగ్గర ఆమె వేయించిన శాసనం నుంచే కాకతీయుల వంశక్రమం చాలావరకు మనకు తెలిసింది.

ఎందుకు కట్టించారు? పుణ్యం కోసమని శాసనాల్లో రాసుకున్నారు. పుణ్యం సంగతి ఎట్లున్నా లాభం మాత్రం కళ్లముందే ఉన్నది. అడవి కొట్టి, చెరువు కట్టి, ఊరు నిలిపితే చెలక నీరునేల అవుతుంది. జొన్న పండిన చోట వరి పండుతుంది. పన్ను ఒకటికి రెండింతలవుతుంది. ఆ పన్నుతో సైన్యం, కోట, గుడి. హనుమకొండ నుంచి రాజధాని ఓరుగల్లుకు మారి, గణపతిదేవుడి కాలంలో రాతికోట లేచిందంటే దాని అడుగు పునాది బండ కాదు, ఈ చెరువుల కింద పండిన వడ్లు.

మరి కట్టినవాళ్లెవరు? పాకాల కట్టకు ఎంతమంది మట్టి మోశారో, ఎంతమంది పాము కరిచి, జ్వరం వచ్చి ఆ అడవిలో పోయారో రాసిపెట్టిన రాయి లేదు. కాని అంచనా కట్టుకోవటానికి ఒక ఆధారం ఉన్నది. కాకతీయులు పోయిన తర్వాత, 1369లో విజయనగర కాలపు పోరుమామిళ్ల శాసనం కడప సీమలో వేయించారు. ఆ చెరువు కట్టటానికి రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో ఉన్నది. వెయ్యిమంది అన్న లెక్క రాశారు గాని, ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరైనా రాయలేదు. కట్టించిన భాస్కరుడి పేరు మాత్రం నిలిచింది. చరిత్ర రాసే పద్ధతే అట్లాంటిది.

దశబంధం – నీరటి

చెరువు కట్టటం ఒక ఎత్తు. దాన్ని నిలబెట్టటం పది ఎత్తులు. కట్టకు ఎలుక బొరియ పడుతుంది. తూము పూడుతుంది. ఏటేటా ఒండ్రు వచ్చి చేరుతుంది. కట్ట మీద చెట్టు మొలిచి వేరు దిగితే కట్టే చీలుతుంది. పట్టించుకునే మనిషి లేకపోతే ఎంత గొప్ప చెరువైనా పదేండ్లలో కుంట అవుతుంది.

దీనికి ఆ కాలం చేసుకున్న ఏర్పాటు దశబంధం. చెరువు కట్టినవాడికి, దాన్ని బాగుచేసే బాధ్యత ఎత్తుకున్నవాడికి ఆ చెరువు కింది భూమిలోనో ఫలితంలోనో పదోవంతు ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే వాడి వాటా పండుతుంది. చెరువు తెగితే వాడి వాటా కూడా పోతుంది. కాబట్టి వాడు చెరువును కాపాడక తప్పదు. ఇది తెలివైన ఏర్పాటే. ఊరి పనివాళ్లకు కల్లం దగ్గర మేర ఇచ్చే పద్ధతి కూడా ఇట్లాంటిదే. నీరటి తూము తీస్తాడు, మూస్తాడు, ఎవరి మడికి ఎప్పుడు నీరు పారాలో చూస్తాడు. వానరాత్రి కట్ట మీద కందిలి పట్టుకుని తిరుగుతాడు. పంట వచ్చినప్పుడు ఇన్ని పనలు, ఇన్ని మానికలు అతనివి.

అయితే మన కండ్లు మూసుకుని మెచ్చుకోరాదు. దశబంధం భూమి ఎవరి చేతికి పోయింది? కట్టించగల స్తోమత ఉన్నవాడి చేతికి. గుడికి రాసిన మాన్యం, బ్రాహ్మణులకు ఇచ్చిన అగ్రహారం చెరువు కింది మంచి భూములే. నీరటి పని మాత్రం తరతరాలుగా మాల మాదిగ ఇండ్లకే అంటగట్టారు. నీళ్లు పంచేవాడికి నీళ్లబావి దగ్గర చోటు లేదు. ఊరంతటికీ మడి పారించినవాడికి సొంత మడి లేదు. ఏర్పాటు పనిచేసింది, నిజం. ఎవరి వీపు మీద పనిచేసిందన్నది కూడా అంతే నిజం.

మోటుపల్లి రేవు నుంచి చివరి రోజుల దాకా

గణపతిదేవుడి ఇంకో పని చెప్పుకోవాలి. తీరాన మోటుపల్లి రేవు ఉన్నది. అంతకుముందు రాజులు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించి ఆ దోపిడీ మాన్పించాడు. ముప్పైలో ఒక వంతు సుంకం కడితే చాలునన్నాడు. లాక్కుంటే ఒకసారి దొరుకుతుంది, నమ్మకం ఇస్తే ఏటేటా దొరుకుతుందని గ్రహించాడు. వ్యాపారం పెరిగింది. చెరువుకు దశబంధం ఎట్లాంటిదో, రేవుకు అభయశాసనం అట్లాంటిది. కట్టుబాటు రాతి మీద చెక్కి నిలిపితే దాన్ని నమ్ముకుని మనుషులు పెట్టుబడి పెడతారు, చెమట పెడతారు.

ముసలితనంలో కూతురు రుద్రమదేవిని వారసురాలిని చేశాడు. ఆడపిల్ల రాజ్యమేలటం మింగుడుపడని సామంతులు ఉన్నా వెనుకాడలేదు. చివరి రోజుల్లో దక్షిణాన ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో దెబ్బతిని నెల్లూరు సీమ పోగొట్టుకున్నాడు. 1262 నాటికి పాలన పూర్తిగా రుద్రమ చేతికి వచ్చింది. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడి కాలంలో, 1323లో ఢిల్లీ సైన్యాలకు ఓరుగల్లు కోట కూలింది.

కోట కూలింది, చెరువులు మిగిలినాయి

ఇక్కడే అసలు సంగతి. రాజ్యం పోయినా గుట్టలు ఎక్కడికీ పోలేదు. వాలు మారలేదు. వాన మానలేదు. కట్టలూ చాలావరకు నిలిచే ఉన్నాయి. మారింది వాటి చుట్టూ ఉన్న ఏర్పాటు. పాకాల చుట్టుపక్కల మళ్లీ దట్టంగా అడవి అల్లుకుంది. 1952లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు.

నైజాం కాలానికి వచ్చేసరికి అవే చెరువులు, అవే తూములు, కాని పెత్తనం దేశ్‌ముఖులది, దొరలది. విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కడి కింద 40 వేల ఎకరాలు ఉండేవని పోరాట చరిత్రలు రాసినాయి. దొర పొలం తడిసిన తర్వాతనే రైతు మడికి నీళ్లు. కూలీది వెట్టి. గణపతిదేవుడి నాటి చెరువు నీళ్లే దొర గడికి బలమైనాయి. చెరువు నీటికి తాను ఎవరి పొలం పారిస్తున్నదో తెలియదు గదా. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కల్లం నుంచి పోనియ్యకుండా నిలబడింది దీని మీదనే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది దీని మీదనే. వాళ్లు తిరగబడింది నేల మీద కాదు, వాన మీద కాదు. నేల చుట్టూ అల్లిన అన్యాయపు ఏర్పాటు మీద.

దొరల పెత్తనం దెబ్బతిన్నది. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయినాయి. పోవలసినవే పోయినాయి. కాని పాతది పోయిన చోట కొత్తది నిలబెట్టాలన్న ధ్యాస పాలకులకు లేకపోయింది. నీరటి పని మెల్లగా ఎవరిదీ కాకుండా పోయింది. తూము షట్టరు ఎవరు తీస్తే వాళ్లదే రాజ్యం. శిఖం భూమి కొలిచేవాడు లేక, బలిసినవాళ్లు చెరువు లోపలికి గట్లు జరుపుకున్నారు. వాగుల మీద ఇండ్ల ప్లాట్లు లేచి గొలుసు తెగింది.

చెరువు మీద నమ్మకం పోయిన రైతు ఏం చేశాడు? బావి తవ్వాడు, కరెంటు మోటరు పెట్టాడు, అదీ ఎండితే బోరు వేశాడు. ఎవరి బోరు వాళ్లది, ఎవరి అప్పు వాళ్లది. ముందే చెప్పుకున్నాం, అడుగున నల్లరాయి ఉన్న నేల ఇది. చెరువు నిండితేనే బోరుకు ఊట. చెరువును చంపుకుని బోరు వేస్తే రాయి తగులుతుంది గాని నీరు తగలదు. ఆ బోరు అప్పు మీద పత్తి అప్పు పడింది, పురుగుమందు అప్పు పడింది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు తాము కొన్న పురుగుమందే తాగి వరుసగా చనిపోయిన సంగతి ఎవరూ మరువలేదు. దాంట్లో లద్దెపురుగు తప్పు ఉన్నది, నకిలీ మందుల తప్పు ఉన్నది, షావుకారి వడ్డీ తప్పు ఉన్నది. కాని ఊరుమ్మడి నీటి ఏర్పాటు విరిగి, ప్రతి రైతూ ఒంటరివాడైపోవటం వాటన్నింటికీ దారి వేసింది.

మనకు కావలసిన దశబంధం

ఏమీ జరగలేదని అనరాదు. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఓటు హక్కు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే. నాటు వేసే కూలీకి, చేపలు పట్టే ముదిరాజుకు, బట్టలుతికే చాకలికి చెరువు మీద ఓటు లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నారు. పూడిక తీసిన చోట నీరు నిలిచింది, ఒండ్రు పోసిన చెలకలు పచ్చబడ్డాయి. ఆ మేలు ఒప్పుకోవలసిందే. కాని ఎక్కువ పని యంత్రాలే చేసినాయి. పూడిక పోయింది గాని, రేపు మళ్లీ పూడిక వస్తే తీసేదెవరన్న ప్రశ్న అట్లనే ఉండిపోయింది.

మా మండలంలో ఒక ఊరు ఉన్నది. కొన్నేండ్ల కింద ఉపాధి పనిలో అక్కడ చెరువు మట్టి తీసినాం. ఎనభైమంది దాకా కూలీలు, ఎక్కువ ఆడవాళ్లే. ఎండలో గంపలు మోసి మోసి నెత్తి మీద జుట్టు ఊడింది. ఆ వానాకాలం చెరువు నిండింది, మత్తడి దుంకింది. ఊరంతా పండుగ. కట్ట మీద కోడిని కోసినారు. ఆ తర్వాత సంఘం మీటింగు పెట్టి నీళ్ల వంతులు తేల్చుకున్నారు. మట్టి మోసిన ఎనభైమందిలో ఒక్కరినీ పిలవలేదు. వాళ్లకు భూమి లేదు గదా అన్నారు. ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి, కట్ట తెగిన రాత్రి ఇసుక బస్తాలకు మాత్రం మమ్మల్నే పిలుస్తారని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదలలేదు.

పాకాల కట్టకు మట్టి మోసిన పేరు లేని కూలీకి, ఈ ముసలమ్మకు నడుమ ఎనిమిది వందల ఏండ్లు గడిచినాయి. రాజులు పోయినారు, నైజాం పోయినాడు, ఓట్లు వచ్చినాయి. గంప మోసేవాడికి చెరువు మీద మాట మాత్రం ఇంకా రాలేదు.

గణపతిదేవుడి నుంచి మనం నేర్చుకోవలసింది ఆయన కిరీటం కాదు. చెరువును కాపాడేవాడికి చెరువు ఫలితంలో వాటా ఉండాలన్న ఆ ఒక్క సూత్రం. ఆయన కాలంలో ఆ వాటా నాయకుడికి, గుడికి పోయింది. ఈ కాలంలో అది పనిచేసేవాడికి రావాలి. ప్రతి చెరువుకూ జీతం మీద నీరటి ఉండాలి. అది కులం పని కాకుండా ఉద్యోగం కావాలి. చెరువు సంఘంలో భూమిలేని కూలీకి, చేపలవాళ్లకు, ఆడవాళ్లకు ఓటు ఉండాలి. శిఖం కొలిచి హద్దురాళ్లు పాతాలి. ఏటా ఎండకాలం పూడికతీత కూలీలకే ఇవ్వాలి, యంత్రాలకు కాదు. ఎగువ ఊరు, దిగువ ఊరు కూర్చుని మాట్లాడుకునే ఒక వేదిక ఉండాలి.

ఇవి ఆకాశంలో చుక్కలు కావు. గ్రామసభలో లేచి అడగదగిన మాటలే. మీ ఊరి చెరువు మత్తడి ఎప్పుడు దుంకింది, తూము తాళం ఎవరి ఇంట్లో ఉన్నది, శిఖం ఎన్ని ఎకరాలు, ఇప్పుడెన్ని మిగిలినాయి? ముందు ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి. రాసుకున్న కాగితం పట్టుకుని నలుగురు కలిసి పోయి అడగండి. చెరువు కట్టిన చేతులకు చెరువు లెక్క అడిగే హక్కు ఉన్నది.